పరిశ్రమల గాలిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పరిశ్రమల దుర్వాసనల గురించి కిందటి సంచికలో వచ్చిన వ్యాసంలో, గాలిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసే బయోఫిల్టర్ల ప్రస్తావన ఉంది. దాని మీద ఎక్కువగా వచ్చిన సందేహాలకు ఈసారి ఈ శీర్షికను పూర్తిగా కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: మా కాలనీకి దగ్గరలో మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. రాత్రి పదకొండు దాటితే కిటికీలు తెరవలేము. వాటిలో ఒక ఫ్యాక్టరీవారు ‘మేము బయోఫిల్టర్ పెట్టాము, ఇక వాసన రాదు’ అంటున్నారు. అది నిజంగా కాలుష్యాన్ని తీసేస్తుందా, లేక అగరొత్తి వెలిగించినట్టు వాసనను కప్పేస్తుందా?
– ఒక గృహిణి, పటాన్‌చెరు

సరిగా కట్టి, సరిగా నడిపితే నిజంగానే తీసేస్తుంది. ఫ్యాక్టరీలోంచి లాగిన గాలిని ముందుగా నీటి తుంపరలున్న గదిలోంచి పంపి తడి చేస్తారు. ఆ తరువాత కంపోస్టు, చెక్క ముక్కలు, చెట్ల బెరడు, కొబ్బరి పీచు వంటి వాటితో సుమారు ఒక మీటరు మందాన పరిచిన బెడ్ అడుగు నుంచి పైకి నెమ్మదిగా వదులుతారు. బెడ్‌లోని ప్రతి ముక్క మీదా సన్నని నీటిపొర, ఆ పొరలో అంటుకొని పెరిగే బాక్టీరియా, శిలీంధ్రాలు ఉంటాయి. గాలిలోని కాలుష్య పదార్థం మొదట ఆ నీటిలో కరుగుతుంది, కరిగినదాన్ని సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకుంటాయి. కర్బన సమ్మేళనాలు చివరకు కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా, కొంతమేర కొత్త జీవకణాలుగా మారిపోతాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసననిచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ సల్ఫేటుగానూ అమ్మోనియా నైట్రేటుగానూ మారుతాయి. పెంటకుప్ప మీద ఒక జానెడు మట్టి కప్పితే వాసన తగ్గడానికి కారణమైన చర్యే ఇక్కడ ఒక పద్ధతి ప్రకారం, లెక్క ప్రకారం జరుగుతుంది.

అయితే బయోఫిల్టర్ తన దగ్గరకు తెచ్చిన గాలిని మాత్రమే శుద్ధి చేస్తుంది. మూతలేని వ్యర్థజలాల ట్యాంకులు, సరిగా బిగించని సాల్వెంట్ (ద్రావణి) డ్రమ్ములు, లీకయ్యే పంపుల దగ్గరి గాలి డక్ట్‌లోకి చేరకుండా నేరుగా బయటికి పోతుంటే, ఆవరణలో ఎంత మంచి బయోఫిల్టర్ ఉన్నా మీ కిటికీ దగ్గరికి వాసన వచ్చి తీరుతుంది. నా దృష్టిలో మన పారిశ్రామికవాడల్లో ముందుగా చూడవలసింది ఇదే. రాత్రివేళ నేల త్వరగా చల్లబడి, నేలకు దగ్గరగా ఉన్న చల్లని గాలి పైకి లేవకుండా నిలిచిపోతుంది కనుక పగలు చెదిరిపోయే పరిమాణమే రాత్రి ముక్కుకు గట్టిగా తగులుతుంది. అందువల్ల రాత్రి వాసన వచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీవారు దొంగతనంగా వదిలారని నిర్ధారించలేము. అలా వదలడం లేదని కూడా దానితో నిర్ధారణ కాదు. ఏం అడిగి తేల్చుకోవాలో చివరి ప్రశ్నకు సమాధానంలో చెప్పాను.

ప్రశ్న: ఈ పద్ధతిని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఒక్కరి పేరు చెప్పడం కుదరదు. మురుగునీటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మట్టి గుండా పంపి తొలగించే ఆలోచన 1923 నాటికే జర్మనీలో చర్చకు వచ్చింది. 1957లో అమెరికాలో రిచర్డ్ పోమెరాయ్ సూక్ష్మజీవుల సాయంతో వాయువుల దుర్వాసనను తొలగించే పద్ధతికి పేటెంటు పొందారు. 1959లో పశ్చిమ జర్మనీలోని న్యూరెంబర్గ్ మురుగునీటి కేంద్రంలో మట్టి బెడ్‌ను ఏర్పాటు చేశారు. అప్పటిదాకా అనుభవం మీద నడిచిన ఈ పనిని 1980 దశకంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఓటెన్‌గ్రాఫ్, ఆయన సహచరులు గణిత సూత్రాల్లోకి తెచ్చారు. వాయువు నీటిపొరలోకి చొచ్చుకుపోయే వేగం, సూక్ష్మజీవులు దాన్ని తినే వేగం, ఈ రెండింటిలో ఏది వెనకబడితే బెడ్ సామర్థ్యం అక్కడే ఆగుతుందని వారి లెక్కలు చూపాయి. మీరు ఈ రంగంలోకి రాదలిస్తే అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: చేపల, రొయ్యల వ్యర్థాలను ఎండబెట్టి దాణా పొడి తయారు చేసే యూనిట్ పెట్టాను. డ్రయ్యర్ నుంచి వచ్చే గాలి గంటకు సుమారు 10,000 ఘనమీటర్లు. ఊరివాళ్లు గొడవ చేస్తున్నారు. బయోఫిల్టర్‌కు ఎంత స్థలం, ఎంత నీరు కావాలి? కొబ్బరి పీచు మాకు చౌకగా దొరుకుతుంది, అది పనికొస్తుందా?
– చిన్న పరిశ్రమ యజమాని, భీమవరం ప్రాంతం

మీ ప్రశ్నలోనే లెక్కకు కావలసిన ముఖ్యమైన అంకె ఉంది కనుక వివరంగా చెబుతాను. తెరిచి ఉండే బెడ్‌లకు సాధారణంగా చదరపు మీటరుకు గంటకు 50 నుంచి 200 ఘనమీటర్ల గాలిని లెక్కగా తీసుకుంటారు. మధ్యస్థంగా 100 అనుకుంటే మీకు 100 చదరపు మీటర్ల బెడ్, అంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు కావాలి. మీటరు మందం వేస్తే బెడ్ పరిమాణం 100 ఘనమీటర్లు, బెడ్ ఖాళీగా ఉందనుకుని వేసే లెక్కన గాలి అందులో ఉండే సమయం 36 సెకన్లు. చేపల కుళ్లు వాసనకు ప్రధాన కారణమైన ట్రైమిథైలమీన్ నీటిలో బాగా కరుగుతుంది, దాన్ని తినే బాక్టీరియా మట్టిలోనూ కంపోస్టులోనూ సహజంగానే ఉంటుంది. అందువల్ల ఈ సమయం మీకు సరిపోయే అవకాశం ఎక్కువ. స్థలం తక్కువగా ఉందని దీన్ని పది సెకన్లకు కుదించే డిజైన్లు కొందరు చూపిస్తారు, వాటి జోలికి పోవద్దని నా సలహా.

ఇంతకన్నా ముందు చూడవలసింది డ్రయ్యర్ గాలి వేడి. అది నేరుగా బెడ్‌లోకి వస్తే సూక్ష్మజీవులు ఒక్క పూటలో చచ్చిపోతాయి. గాలిని కండెన్సర్‌లో చల్లార్చి, ఆవిరిని నీరుగా దింపి, కొవ్వు తుంపరలనూ పొడి దుమ్మునూ తీసివేసిన తరువాతే, 40 డిగ్రీలు మించకుండా బెడ్‌కు పంపాలి. బెడ్‌కు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే మేలు. కొవ్వు చేరితే బెడ్ ముక్కల మధ్య దారులు జిడ్డుతో మూసుకుపోతాయి. కండెన్సర్‌లో దిగిన నీరు కూడా అంతే వాసనతో ఉంటుంది కనుక దాన్ని కాలువలోకి వదలకుండా మీ ఈటీపీకి (వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి) పంపాలి. కాలువలోకి వదిలితే గాలిలోని సమస్యను నీటిలోకి మార్చినట్టే అవుతుంది, ఊరివారి గొడవ కూడా ఆగదు.

ఇక నీరు. బయోఫిల్టర్లు చెడిపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది బెడ్ ఎండిపోవడం. 30 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గాలి బెడ్‌లోకి వెళ్లి పూర్తిగా తడిసి బయటికి వస్తే ప్రతి ఘనమీటరూ సుమారు నాలుగు గ్రాముల నీటిని వెంట తీసుకుపోతుంది. మీ గాలి పరిమాణానికి అది గంటకు 40 లీటర్లు, రోజంతా నడిస్తే వెయ్యి లీటర్లకు దగ్గర. వడగాలులు వీచే మే నెలలో పొడిగాలి కలిస్తే దానికి రెట్టింపు కూడా కావచ్చు. ఈ నీరంతా బెడ్ మీద గొట్టంతో చల్లి భర్తీ చేస్తామనుకుంటే పొరపాటు, ఎందుకంటే గాలి అడుగునుంచి వస్తుంది కనుక అడుగు పొర ముందు ఎండుతుంది, పైన చల్లిన నీరు అక్కడికి సమంగా చేరదు. గాలినే ముందుగా తడిపి, 95 శాతానికి పైగా తేమతో పంపాలి. పై తుంపరలు ఆ మిగిలిన కొద్ది లోటు కోసం. మీ గాలి కండెన్సర్ దాటేసరికి ఎలాగూ తడిగానే ఉంటుంది, ఆ మేరకు మీకు సౌకర్యం.

బెడ్‌లోని తేమ దాని బరువులో 40 నుంచి 60 శాతం ఉండాలి. తేమ కొలిచే మీటరు లేకపోయినా చేత్తో చూడవచ్చు. బెడ్‌లో మోచేతి లోతున తవ్వి గుప్పెడు తీసి గట్టిగా పిండితే అరచేయి తడవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. పొడిపొడిగా రాలిపోతే ఎండిపోయినట్టు, ధారగా కారితే గాలి దారులు మూసుకుపోతున్నట్టు. వారానికి ఒకసారి నాలుగు మూలలా, మధ్యలోనూ ఇలా చూసి పుస్తకంలో రాయించండి.

కొబ్బరి పీచు పనికొస్తుంది. అందులో లిగ్నిన్ అనే గట్టి చెక్క పదార్థం ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లి కుంగిపోదు, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. కానీ సూక్ష్మజీవులకు కావలసిన పోషకాలు దానిలో తక్కువ, కాబట్టి పీచును ఒక్కదాన్నే వాడకుండా బాగా మాగిన కంపోస్టునూ, గాలి ఆడేందుకు చెక్క ముక్కలనూ కలపండి. కంపోస్టు ఒక్కటే వేస్తే ఏడాది తిరగకుండా కుంగి గట్టిపడుతుంది. మంచి మిశ్రమమైనా రెండు నుంచి ఐదేళ్లలో మార్చవలసి వస్తుందని ముందే ఖర్చులో వేసుకోండి. ట్రైమిథైలమీన్‌లోని నత్రజని అమ్మోనియాగా, ఆపై నైట్రేటుగా మారి బెడ్‌లో లవణాలు పేరుకుంటాయి కనుక అప్పుడప్పుడూ బెడ్‌ను మంచినీటితో కడిగి ఆ నీటిని కూడా ఈటీపీకి పంపాలి.

పెట్టుబడి పెట్టేముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో 150 లీటర్ల మేర ఈ మిశ్రమం నింపి, మీ డక్ట్ నుంచి గంటకు 15 ఘనమీటర్ల గాలిని చిన్న బ్లోయర్‌తో పంపితే అదే 36 సెకన్ల సమయం వస్తుంది. సూక్ష్మజీవులు కొత్త ఆహారానికి అలవాటుపడడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మొదటివారం వాసన తగ్గలేదని డ్రమ్ము తీసేయకండి. రెండు నెలలు నడిపి, గొడవ చేస్తున్న ఊరి పెద్దలనే పిలిచి లోపలికి వెళ్లే గాలినీ బయటికి వచ్చే గాలినీ వాసన చూడమనండి. మీరు చెప్పే మాట కన్నా అది వారికి నమ్మకం కలిగిస్తుంది.

ప్రశ్న: మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో పని చేస్తున్నాను. ఇక్కడి కంపోస్టు బయోఫిల్టర్ మొదటి ఆరు నెలలు చక్కగా పనిచేసింది. ఇప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన మళ్లీ మొదలైంది, బెడ్ నల్లగా ముద్దలా తయారైంది, కింద కాంక్రీటు పెచ్చులూడుతోంది. ఎందుకిలా?
– ఆపరేటర్, విజయవాడ

మీరు చెప్పిన మూడు లక్షణాలకూ చాలావరకు కారణం ఒకటే, ఆమ్లం. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తిన్న బాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. గంటకు 10,000 ఘనమీటర్ల గాలిలో 20 పీపీఎం (పదిలక్షల పాళ్ల గాలిలో 20 పాళ్లు) వాయువు ఉందనుకుంటే రోజుకు దాదాపు ఏడు కిలోల హైడ్రోజన్ సల్ఫైడ్ బెడ్‌లోకి వెళుతుంది, దానినుంచి సుమారు 19 కిలోల ఆమ్లం పుడుతుంది. దాన్ని తటస్థం చేయాలంటే దాదాపు అంతే బరువు సున్నపురాయి ప్రతిరోజూ ఖర్చవుతుంది. ఆమ్లాన్ని తటస్థం చేసేందుకు నిర్మాణ సమయంలో కలిపే కాసిన్ని ఆల్చిప్పల ముక్కలు ఆరునెలల్లో కరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. బెడ్ నుంచి కారే నీటి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడండి. అది 3 కన్నా తక్కువగా ఉంటే ఆ బెడ్‌ను బాగుచేయడం కన్నా మార్చడమే మేలు.

అసలు ఇంత సల్ఫైడ్ వచ్చేచోట కంపోస్టు బెడ్ ఎంపికే సరైనది కాదని నా అభిప్రాయం. సల్ఫైడ్‌ను తినే బాక్టీరియాల్లో కొన్ని పీహెచ్ 2 దగ్గర కూడా హాయిగా బతుకుతాయి. వాక్స్‌మన్, జోఫే 1922లో వర్ణించిన థయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్, ఇప్పటి పేరుతో అసిడిథయోబాసిల్లస్, అటువంటిదే. ఆమ్లానికి పాడైపోయేది కంపోస్టు, కాంక్రీటు. కాబట్టి ప్లాస్టిక్ లేదా లావా రాయి ముక్కలు నింపిన టవర్‌లో పైనుంచి నీటిని నిరంతరం కారుస్తూ, పుట్టిన ఆమ్లాన్ని ఆ నీటితోనే బయటికి తీసే బయోట్రిక్లింగ్ ఫిల్టర్ మీకు తగినది. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ పారిశుధ్య విభాగంలో డేవిడ్ గాబ్రియెల్, మార్క్ డెషూసెస్ గాలిని రసాయనాలతో కడిగే ఒక పాత స్క్రబ్బర్‌లోని నింపుడు పదార్థాన్ని మార్చి దాన్నే బయోట్రిక్లింగ్ ఫిల్టర్‌గా నడిపారు. గాలి అందులో ఉన్నది 1.6 నుంచి 2.2 సెకన్లే అయినా 30 పీపీఎం వరకు వచ్చిన సల్ఫైడ్‌లో 95 శాతానికి పైగా పోయిందని 2003లో ప్రచురించారు. కాస్టిక్ సోడా, బ్లీచింగ్ రసాయనాలు వాడే పాత స్క్రబ్బర్లు మన దగ్గర కూడా ఉన్నాయి కనుక మీ పై ఇంజనీర్లకు ఈ ఉదాహరణ తప్పక చూపించండి.

ఒక హెచ్చరిక. బెడ్ కింది గదిలోకి గాని, మూసిన సంప్‌లోకి గాని ఎవరూ ఒంటరిగా, గ్యాస్ డిటెక్టర్ లేకుండా దిగవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. ‘వాసన తగ్గింది, పరవాలేదు’ అనుకుని దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: మా బల్క్ డ్రగ్ యూనిట్‌లో మిథనాల్, అసిటోన్, టోలీన్, హెక్సేన్, డైక్లోరోమీథేన్ వాడతాము. అన్నిటికీ ఒకే బయోఫిల్టర్ చాలుతుందా?
– కెమిస్టు, జీడిమెట్ల

చాలదు. మిథనాల్, అసిటోన్ నీటిలో సులువుగా కరుగుతాయి, సులువుగా తినబడతాయి. టోలీన్ తక్కువగా కరిగినా దాన్ని తినే సూడోమోనాస్ వంటి బాక్టీరియా ఉంది కనుక బాగానే తొలగుతుంది. కానీ మిథనాల్ ఎక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు ముందుగా దాని మీద పడతాయి, అప్పుడు టోలీన్ బెడ్ పై భాగానికి చేరేదాకా మిగిలిపోతుంది. హెక్సేన్ నీటిలో దాదాపు కరగదు కనుక మామూలు బెడ్‌లో ఎక్కువ భాగం అలాగే బయటికి పోతుంది. డైక్లోరోమీథేన్‌ను తినే ప్రత్యేక బాక్టీరియా ఉన్నా, ఆ క్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది కనుక దానికి పీహెచ్‌ను అదుపు చేసే వేరే టవర్ అవసరం. సాల్వెంట్లను మొదట కండెన్సర్లతో పట్టి తిరిగి వాడుకోండి. గాలిలో మిగిలినది ఘనమీటరుకు ఒక గ్రాము కన్నా తక్కువగా ఉన్నప్పుడే బయోఫిల్టర్ ఆలోచన చేయండి. అంతకు మించితే సూక్ష్మజీవులు అతిగా పెరిగి బెడ్‌నే మూసేస్తాయి. గాఢత ఎక్కువగా ఉన్న గాలికి 800 డిగ్రీల దగ్గర కాల్చే థర్మల్ ఆక్సిడైజర్ సరైనది. దానికి ఇంధనం ఖర్చవుతుంది, క్లోరిన్ ఉన్నవాటిని కాలిస్తే పొగలో వచ్చే ఆమ్లాన్ని కడగాలి, అయినా అక్కడ దానికి బయోఫిల్టర్ ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: 2020 మే 7న మా వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. అక్కడ బయోఫిల్టర్ ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

దక్కేవి కావు, ఈ విషయంలో ఎవరికీ భ్రమ ఉండకూడదు. ఆ తెల్లవారుజామున జరిగింది నిల్వ ట్యాంకులోని, ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ స్టైరిన్ తనలో తాను చర్య జరుపుకుంటూ వేడెక్కి పెద్దమొత్తంలో ఆవిరై బయటికి రావడం. అటువంటి ప్రమాదాన్ని ఆపేవి ట్యాంకు లోపల అంతటా ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు, చల్లార్చే ఏర్పాటు, ఆ చర్యను (పాలిమరీకరణను) నిరోధించే రసాయనం తగినంతగా ఉండడం, ఊరికి వినబడేలా సైరన్ మోగడం. బయోఫిల్టర్ రోజూ ఒకే తీరున, తక్కువ గాఢతతో వచ్చే గాలి కోసం ఉద్దేశించినది. గాఢత ఒక్కసారిగా వందల రెట్లు పెరిగితే అందులోని సూక్ష్మజీవులే ముందు చనిపోతాయి.

స్టైరిన్‌ను జీవపద్ధతిలో తొలగించడం మాత్రం నిజంగా సాధ్యమే. ఫైబర్‌గ్లాస్ పడవలు, ట్యాంకులు చేసే షెడ్లలో రెసిన్ పూస్తున్నంతసేపూ కొద్దికొద్దిగా వెలువడే స్టైరిన్‌ను ఎక్సోఫియాలా అనే నల్లని శిలీంధ్రం తింటుందని పరిశోధనల్లో తేలింది. బాక్టీరియాకన్నా తక్కువ తేమలో బతకగలగడం దాని ప్రత్యేకత. అది దినదినమూ కార్మికులు పీల్చే గాలికి సంబంధించిన పరిష్కారం. మీ ఊరికి జరిగిన దానికి జవాబు ట్యాంకుల భద్రతలోనే వెతకాలి, ఆ జవాబును అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ప్రశ్న: అన్ని కోట్ల సూక్ష్మజీవులున్న బెడ్ మీదుగా వచ్చే గాలి పీలిస్తే జబ్బులు రావా?
– ఉపాధ్యాయురాలు, నల్గొండ

బెడ్‌లోని సూక్ష్మజీవులు చాలావరకు మట్టిలో ఉండేవే, పైగా తడిపొరలో అంటుకొని ఉంటాయి కనుక బయటికి వచ్చే సంఖ్య సాధారణంగా తక్కువ. అయితే పాత బెడ్‌ను తవ్వి తీసేటప్పుడు శిలీంధ్ర బీజాలు దుమ్ముతో లేస్తాయి. ఆ పని చేసే కార్మికులకు మంచి మాస్కులు ఇవ్వాలి, బెడ్‌ను తడిపి తవ్వించాలి, ఉబ్బసం ఉన్నవారిని ఆ పనికి పెట్టకూడదు.

ప్రశ్న: ఫ్యాక్టరీవారు చూపించే బయోఫిల్టర్ నిజంగా పనిచేస్తోందో లేదో మాలాంటి సామాన్యులకు ఎలా తెలుస్తుంది? మేమేం అడగాలి?
– కాలనీ సంక్షేమ సంఘం సభ్యులు, బొల్లారం

మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలికి కూడా ఇదే సమాధానం. ముందుగా ఏయే ట్యాంకుల, రియాక్టర్ల, షెడ్ల గాలి ఆ బయోఫిల్టర్‌కు చేరుతోందో గీసిన పటం చూపమనండి. పటంలో లేని చోటి నుంచే వాసన వస్తుండవచ్చు. తరువాత బెడ్‌లోకి వెళ్లే గాలినీ బయటికి వచ్చే గాలినీ ఒకే సమయంలో కొలిచిన ఫలితాలు అడగండి. బయటి గాలి ఒక్కటే కొలిచి ‘పరిమితిలోనే ఉంది’ అనే కాగితం బెడ్ పనితీరు గురించి ఏమీ చెప్పదు, ఆ సమయానికి ఉత్పత్తే ఆగి ఉండవచ్చు. వాసనను శిక్షణ పొందిన మనుషుల ముక్కుతోనే శాస్త్రీయంగా కొలిచే ఆల్ఫాక్టోమెట్రీ పద్ధతి ఉంది, ఐరోపాలో దానికి ఈఎన్ 13725 అనే ప్రమాణం ఉంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా 2008లో దుర్వాసనల నియంత్రణపై మార్గదర్శకాలు వెలువరించింది.

వీలైతే బెడ్ దగ్గరికి వెళ్లి చూడండి. పైపొర మీద పగుళ్లు, ఎండి తెల్లబారిన మచ్చలు ఉంటే గాలి అక్కడి నుంచి శుద్ధి కాకుండా తప్పించుకుంటున్నట్టు. పక్కనే ఉండే పీడన మీటరు రీడింగుల పుస్తకం అడగండి. నెలల తరబడి అంకె నెమ్మదిగా పెరుగుతుంటే బెడ్ కుంగుతోంది, ఉన్నట్టుండి పడిపోతే ఎక్కడో చీలింది. సరిగా నడిచే బెడ్ దగ్గర తడిసిన అడవి నేల వాసన వస్తుంది, అది తప్పు కాదు. రసాయనపు ఘాటు గాని, కుళ్లు గాని ముక్కుకు తగలకూడదు.

లోపలికి రానివ్వకపోతే, 1981 నాటి వాయు చట్టం కింద ఆ ఫ్యాక్టరీకి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రంలో ఏ షరతులు ఉన్నాయో, తనిఖీ నివేదికలు ఏమంటున్నాయో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి తెప్పించుకోవచ్చు. దరఖాస్తులో ‘బయోఫిల్టర్ వివరాలు’ అని మాత్రమే రాస్తే అరపేజీ జవాబు వస్తుంది. బెడ్ పరిమాణం, గంటకు గాలి పరిమాణం, చివరిసారి బెడ్ మార్చిన తేదీ, లోపలి, బయటి గాలి కొలతలు అని విడివిడిగా అడగండి. మొదటి రెండు అంకెలు చేతికొస్తే గాలి బెడ్‌లో ఎన్ని సెకన్లు ఉంటుందో మీరే లెక్కకట్టవచ్చు: బెడ్ ఘనమీటర్లను గంటకు వచ్చే గాలి ఘనమీటర్లతో భాగించి, 3,600తో గుణించండి. ఆ సంఖ్య కంపోస్టు బెడ్‌కు 15 కన్నా తక్కువగా వస్తే, ఆ కాగితంతోనే మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి వివరణ కోరండి.